ఇరవై ఎనిమిది వోల్టులు

మల్టీమీటరు కారు కప్పు మీంచి జారి సిమెంటు నేల మీద పడినప్పుడు మీటరాయన నోట్లో రెండు మరమేకులున్నాయి. అందుకని తిట్టడానికి వీలుపడక "ఊఁ" అని ఊరుకున్నాడు. వంగి దాన్ని తీసి, పాలు తాగిన పసిపిల్లని తట్టినట్టు వీపు మీద రెండుసార్లు తట్టాడు. తెర మీద సున్నాలు వెలిగాయి. మరమేకులు అరచేతిలోకి ఉమ్ముకుని, "దీనికేం కాదు. నాకంటే గట్టి పిండం," అన్నాడు.

"నీకంటే గట్టిదేముంది అన్నయ్యా ఈ వీధిలో?" అన్నాడు డిక్కీలో తల దూర్చి పనిచేస్తున్న పాముచెవులు. "నువ్వు పడితే నేలకి మాటు వెయ్యాలి."

కార్లకు పాటల సరంజామా బిగించే ఆ కొట్టులో పనివాళ్ళు వీళ్ళిద్దరే. మీటరాయనకు యాభై నాలుగేళ్ళు. జేబులో మీటరు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబు నెలలు నిండినట్టు సాగిపోయి ఉండేది. పొద్దున లేవగానే మీటరు తీగలు రెండు చెవులకీ ఆనించుకుని, ఒంట్లో ఇంకా కరెంటుందో లేదో చూసుకున్నాకే మంచం దిగుతాడని వీధిలో చెప్పుకునేవారు. పాముచెవులు ఆయనకంటే పన్నెండేళ్ళు చిన్న. అతనికా పేరు ఊరికే రాలేదు. దోమ కుట్టకముందే చప్పుడు విని అది ఆడదో మగదో చెప్పేవాడట. వీధి చివర మలుపు తిరిగే బండికి ఏ చక్రంలో గాలి తక్కువో స్టూలు మీంచి లేవకుండా చెప్పేవాడు. మొదటిది జనం కొంచెం ఉప్పూకారం వేసి చెప్పిందేమో గానీ, రెండోది కళ్ళారా చూసినవాళ్ళున్నారు.

ఇద్దరికీ పదకొండేళ్ళుగా ఒకటే తగువు. యాంప్లిఫయరు మీద గెయిన్ అని ఒక చిన్న మర ఉంటుంది. పాటల పెట్టెలోంచి సన్నగా వచ్చేదాన్ని యాంప్లిఫయరు ఎంత లావు చేసి స్పీకరుకి పంపాలో నిర్ణయించేది ఆ మరే. తక్కువ తిప్పితే అంత సరంజామా కొన్నందుకు మోతే ఉండదు. ఎక్కువ తిప్పితే మోత పగులుతుంది, దాంతో స్పీకరు లోపలి తీగచుట్ట మాడిపోతుంది. మరి ఎక్కడ ఆపాలి? పాముచెవులు పాట పెట్టి, కళ్ళు మూసుకుని, మోత పగిలే అంచు దాకా వెళ్ళి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి వచ్చేవాడు. మీటరాయనకి ఆ పద్ధతి గిట్టదు.

"జలుబు చేసిన రోజు ఏం చేస్తావురా?" అనేవాడు.

"సెలవు పెడతాను," అనేవాడు పాముచెవులు.

మీటరు పడిన ఆ మంగళవారం పొద్దున వాళ్ళ ముందున్నది ఒక టాక్సీ. దాని డ్రైవరు పక్కనే నిలబడి, పిల్లకి చెవులు కుట్టించే తండ్రిలా చేతులు నలుపుకుంటున్నాడు. "ఇల్లూ వాకిలీ నాకిదేనండి," అన్నాడు రెండోసారి. "రోజుకి పద్నాలుగు గంటలు ఇందులోనే. పాట లేకపోతే పిచ్చెక్కుతుంది."

మీటరాయన ముందుగా స్పీకరు తీగలు ఊడదీసి పక్కకి పెట్టాడు. పాటల పెట్టెలో బేసు, ట్రెబులు అన్నీ సున్నాకి తెచ్చాడు. వాల్యూము ముప్పావు వంతుకి పెంచి, తన దగ్గరున్న టెస్టు టోను పెట్టాడు. అది పాట కాదు, ఊపిరి తీసుకోకుండా ఒకే శ్రుతిలో సాగే మూలుగు. స్పీకరు ఊడదీసి ఉంది గనక ఆ మూలుగు మీటరుకి తప్ప ఎవరికీ వినపడదు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసి నోటు పుస్తకంలో లెక్క వేశాడు. స్పీకరు తట్టుకునేది రెండు వందల వాట్లు. కరెంటుకి దాని అడ్డు నాలుగు ఓములు. గుణిస్తే ఎనిమిది వందలు. ఎనిమిది వందలకి వర్గమూలం ఇరవై ఎనిమిదిన్నర లోపు. అన్ని వోల్టుల దగ్గర మర ఆపాలి. ఫోనులో నొక్కితే క్షణంలో వచ్చే లెక్క అది. కానీ వర్గమూలం చేత్తో కట్టకపోతే చిన్నప్పటి పంతులుగారు ఎక్కణ్ణించో బెత్తం పట్టుకుని వచ్చేస్తారని ఆయన భయం.

మీటరు తీగలు యాంప్లిఫయరుకి ఆనించి, సన్న స్క్రూడ్రైవరుతో గెయిన్ మర తిప్పసాగాడు. పద్దెనిమిది. ఇరవై రెండు. ఇరవై అయిదు. మర ఎప్పుడూ ఆగే చోటు దాటి ఇంకొంచెం తిరిగింది. ఒక్కో యాంప్లిఫయరు ఒక్కో రకం అనుకున్నాడు. ఇరవై ఎనిమిది పాయింట్ రెండు. చెయ్యి తీసేసి, ఆ అంకెని పుస్తకంలో రాసి, కింద గీత గీశాడు.

పాముచెవులు స్పీకరు తీగలు అతికి, పాట పెట్టాడు. నాలుగు దరువులు పడ్డాయో లేదో అతని మొహం ముడుచుకుంది.

"అన్నయ్యా, పగులుతోంది."

"ఏది?"

"మోత. అడుగున. పాత దుప్పటి చిరిగినట్టు."

"పాటలోనే ఉందేమో."

"పాటలో లేదు. ఒక్క గోరంత వెనక్కి తిప్పుతా, ఉండు." చెయ్యి చాచాడు.

మీటరాయన ఆ చేతి మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా ఒకటి వేశాడు. తీగలు మళ్ళీ ఆనించి తెర చూపించాడు. "చదువొచ్చుగా? ఎంతుంది? ఇంటికెళ్ళి చెవుల్లో రెండు నూనె చుక్కలు వేసుకో."

"నాకైతే బ్రహ్మాండంగా ఉందండీ!" అని అరిచాడు టాక్సీ డ్రైవరు లోపల్నించి. అద్దాలు అదురుతున్నాయి. పాముచెవులు కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా తల పక్కకి వంచి వింటూనే ఉన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఊళ్ళో కార్ల బ్యాటరీలకి ఏదో జబ్బు పట్టుకుంది. మీటరాయన ఏ కారు బ్యాటరీ చూసినా పది, పదీ చిల్లర. పన్నెండున్నర ఉండాల్సింది పదికి పడిపోయిందంటే ఇక దాని ఆయువు తీరినట్టే. "మీ బ్యాటరీ రోజులు లెక్కపెడుతోందండి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి పంపాడు. ఇద్దరు కొత్తవి కొన్నారు. ఎదురుగా ఉన్న బ్యాటరీల కొట్టాయన గురువారం తన మనిషి చేత మీటరాయనకి టీ పంపించాడు. ఎందుకు పంపాడో తెలియక ఈయన తాగేశాడు. పదికి పడిన బ్యాటరీలు కార్లని ఒక్క పట్టుతో ఎలా స్టార్టు చేస్తున్నాయన్న సంగతి ఆయన బుర్రకి తట్టలేదు. ఏళ్ళ తరబడి నమ్మిన వస్తువు జేబులో ఉంటే మనిషికి బుర్రతో పని తగ్గిపోతుంది మరి.

శుక్రవారం మధ్యాహ్నం టాక్సీ డ్రైవరు మాడిపోయిన స్పీకరుని రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. కొట్టంతా కాలిన లక్క వాసన. దాన్ని యజమాని బల్ల మీద పెట్టి, "మూడు రోజులండీ," అన్నాడు. "మూడే. నేను దేన్నీ ముట్టుకోలేదు. మా పిల్లల మీద ఒట్టు."

యజమాని కేకలు వేసే మనిషి కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "చూడవయ్యా," అన్నాడు మీటరాయనతో.

మీటరాయన అన్నీ మొదటి రోజు చేసినట్టే చేశాడు. తీగలు ఊడదీశాడు, టోను పెట్టాడు, మీటరు ఆనించాడు. ఇరవై ఎనిమిది పాయింట్ రెండు. నోటు పుస్తకం తీసి చూపించాడు. అక్కడా అదే అంకె, కింద గీతతో సహా.

"మర కదల్లేదు," అన్నాడు. "ఈయన ముట్టుకోలేదన్న మాట నిజమే. పంపే కరెంటు కూడా సరిగ్గానే ఉంది."

"మరి స్పీకరెందుకు పోయింది?"

యజమాని పాముచెవుల వైపు తిరిగాడు. "తీగలు అతికింది నువ్వేగా?"

"నేనే సార్. అతుకులో ఏం లేదు. ఆ రోజే అన్నయ్యతో చెప్పాను, పగులుతోందని."

"చెప్పాడా?" అన్నాడు యజమాని.

"చెప్పాడు," అన్నాడు మీటరాయన. "కానీ మీటరులో సరిగ్గా ఉందండి."

"అంటే మోత పగల్లేదు. వీడి అతుకు వదులై గరగరమంది. అదే వీడికి వినపడింది. తను చేసిందే తనకి వినపడి, నీ మీద తోశాడు. అంతేనా?"

యజమాని మాటలు చుట్ట చుట్టినట్టు ఎక్కడా విడిపోకుండా ఉన్నాయి. మీటరాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చిల్లు కనపడలేదు. మర కదల్లేదు, కరెంటు సరిగ్గా ఉంది, ఇక మిగిలింది అతుకే. వర్గమూలం లాంటి లెక్క.

"కావచ్చు," అన్నాడు.

ఆ ఒక్క మాటే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. యజమాని టాక్సీ డ్రైవరుకి కొత్త స్పీకరు బిగించి ఇమ్మని చెప్పి, పాముచెవులని లోపలి గదిలోకి పిలిచాడు. అందులోంచి కేకలేం వినపడలేదు. పది నిమిషాల తర్వాత పాముచెవులు బయటికి వచ్చి తన పట్టకారు, తన కత్తెర, తను ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న దిండు ఒక సంచిలో వేసుకున్నాడు. వెళ్ళేముందు మీటరాయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఉన్నమాట చెప్పు. నిజంగా నా అతుకేనంటావా?"

మీటరాయనకి అతని మీద కోపం లేదు. జాలి మాత్రం బోలెడంత ఉంది. అందుకే భుజం మీద చెయ్యి వేసి, "మనుషులం కదరా. ఒక్కోసారి అవుతుంది," అన్నాడు.

పాముచెవులు తలూపి వెళ్ళిపోయాడు. మీటరాయన కొత్త స్పీకరు బిగించి, టోను పెట్టి, మళ్ళీ అంకె చూసుకున్నాడు. ఇరవై ఎనిమిది పాయింట్ రెండు. "ఇహ దిగుల్లేదు, వెళ్ళిరండి," అన్నాడు టాక్సీ డ్రైవరుతో. శనివారం పొద్దున పాముచెవుల స్టూలు మీద యజమానిగారి బావమరిది కూర్చుని, కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ఆదివారం మీటరాయన ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని ఆయన భార్య సణిగింది.

"వోల్టేజీ తక్కువుంది," అన్నాడాయన కుర్చీలోంచి లేవకుండా.

"చూడందే చెప్పేస్తున్నారే! ఇవాళ నా సవతిని బయటికి తియ్యరా?" ఆవిడ మీటరుని ఎప్పుడూ అలాగే పిలిచేది.

ఆయన రోషంగా లేచి, మీటరు తీసి గోడమీది ప్లగ్గులో తీగలు పెట్టాడు. నూట ఎనభై మూడు.

"చూశావా? రెండు వందల ముప్ఫై ఉండాలి."

ఆవిడ ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళి, దాని పక్కనున్న స్టెబిలైజరు ముందు వంగింది. "ఇందులో వచ్చేది రెండు వందల ఇరవై తొమ్మిది అనుందే."

"అది చవకబారుది. దానిమొహం, దానికేం తెలుసు."

"మరి ఫ్రిజ్జు చక్కగా పనిచేస్తోంది, మిక్సీ చక్కగా పనిచేస్తోంది. ఫ్యాను మీద వేలెడు మందాన దుమ్ముంది, తుడవమని నెల్లాళ్ళుగా చెబుతున్నాను. మీటరుకి దుమ్ము కనపడదేమో."

ఆయన నవ్వబోయాడు. నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నూట ఎనభై మూడు మీద మిక్సీ మూలుగుతూ తిరగాలి. పొద్దున అది మూలగలేదు.

చొక్కా తొడుక్కోకుండానే వీధిలోకి వెళ్ళాడు. పక్కింటాయన కారు తుడుచుకుంటున్నాడు. "ఒక్కసారి బానెట్ ఎత్తండి," అన్నాడు. బ్యాటరీకి తీగలు ఆనించాడు. పది పాయింట్ ఒకటి.

"స్టార్టు చెయ్యండి."

కారు ఒక్క పట్టున అందుకుంది.

"ఏమైందండీ? బ్యాటరీ పోయిందా?" అని గాభరా పడ్డాడు పక్కింటాయన.

"లేదు. అది బాగానే ఉంది," అన్నాడు మీటరాయన.

గట్టు మీద కూర్చుని మీటరు వీపు విప్పాడు. లోపల గోరులో సగం ఉండే చిన్న పళ్ళెం లాంటిది ఉంటుంది. కంపెనీలో దాన్ని తిప్పే అంకెల్ని సరిచేస్తారు. తర్వాత అది కదలకుండా ఒక చుక్క లక్క పోస్తారు. ఆ లక్క చిట్లి, పళ్ళెం పక్కకి జరిగి ఉంది. నేల మీద పడ్డప్పుడే అయి ఉంటుంది. అయిదింట ఒక వంతు మింగేసి చెబుతోంది. ఆయన వేలితో సిమెంటు గట్టు మీద లెక్క కట్టాడు. ఇరవై ఎనిమిది అని చూపించినప్పుడు అసలున్నది ముప్ఫై అయిదు. ముప్ఫై అయిదుని ముప్ఫై అయిదుతో గుణించి నాలుగుతో భాగించాడు. రెండు వందల వాట్ల స్పీకరులోకి మూడు వందలు పైనే పోశాడు తను. శుక్రవారం తప్పు పట్టడానికి మళ్ళీ అదే మీటరు పెట్టాడు. అది తన అబద్ధాన్ని తనే చూసి, సరిగ్గా ఉందని చెప్పింది.

పగులుతోంది అన్నాడు వాడు. పాత దుప్పటి చిరిగినట్టు అన్నాడు.

"అన్నం తింటారా, ఇక్కడే ఉంటారా?" అంది భార్య గుమ్మంలోంచి. ఆయన మొహం చూసి, మళ్ళీ అడగలేదు.

సోమవారం పొద్దున కొట్టు తెరవకముందే ఆయన యజమాని కోసం మెట్ల మీద కూర్చున్నాడు. సొంత డబ్బుతో కొన్న కొత్త మీటరు ఒక జేబులో, పాతది ఒక జేబులో. చొక్కాకి ఇప్పుడు కవల పిల్లలు. యజమాని రాగానే రెండు మీటర్లూ ఒకే బ్యాటరీకి పెట్టి చూపించాడు. పన్నెండు పాయింట్ ఆరు. పది పాయింట్ ఒకటి.

యజమాని రెండింటినీ చూశాడు. అర్థమైంది. ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

"అయితే?" అన్నాడు.

"అయితే ఏంటండీ? తప్పు నాది. వాడి అతుకుది కాదు. వాణ్ణి పిలవండి."

"ఏ స్టూలు మీద కూర్చోబెట్టమంటావు?" యజమాని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మా ఆవిడ తమ్ముడు రెండేళ్ళుగా ఖాళీ. ఇప్పుడు లేవమంటే ఇంట్లో నాకు స్టూలు ఉండదు."

"నా స్టూలు ఇవ్వండి."

"నువ్వు పోతే మీటరెవరు పెడతారు? పిచ్చి మాటలు మానవయ్యా. అయిపోయింది. టాక్సీ ఆయనకి కొత్త స్పీకరు వేశాం, సంతోషంగా పోయాడు."

"ఆ టాక్సీ కూడా ఆ పాత అంకె మీదే ఉందండి. వారంలో ఇంకో అయిదు కార్లు. అన్నిటికీ ఇలాగే పెట్టాను. పుస్తకంలో నంబర్లున్నాయి. ఫోన్లు చేసి పిలిచి, మర వెనక్కి తిప్పి పంపిస్తాను."

యజమాని మొట్టమొదటిసారి గొంతు పెంచాడు, అదీ కొంచెమే. "ఏమని పిలుస్తావు? మా మీటరు చెడిపోయి మీ స్పీకర్లు కాలబోతున్నాయి, రండి అనా? వీధి వీధంతా వింటుంది. ఆ పుస్తకం ఇటివ్వు."

నోటు పుస్తకం ఆయన చేతిలోంచి యజమాని సొరుగులోకి వెళ్ళింది. మీటరాయన ఇవ్వనని అనవచ్చు. అనలేదు. తర్వాత చాలాసేపు తన ఖాళీ చేతిని చూసుకున్నాడు. అది ఎప్పుడు చాచాడో ఆయనకే తెలియదు.

మధ్యాహ్నం వీధిలోంచి ఒక తెల్ల కారు దబదబ మోగుతూ వెళ్ళింది. గురువారం తను పెట్టిందే. ఆయన పరుగెత్తి చెయ్యి ఊపాడు. అందులో ఉన్నాయన బొటనవేలు పైకెత్తి చూపించి, ఇంకొంచెం పెంచి వెళ్ళిపోయాడు.

మంగళవారం సెలవు పెట్టి పాముచెవుల ఇంటికి వెళ్ళాడు. అతని భార్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చాట పక్కకి పెట్టింది గానీ లేవలేదు.

"రండి బావగారూ," అంది. "లోపలికి రమ్మనడానికి ఆయన ఇంట్లో లేరు. రాళ్ళు కోసే చోట పనికి పోతున్నారు."

"రాళ్ళు కోసే చోటా? వాడి చెవులు..."

"చెవులతో ఏం పని బావగారూ అక్కడ? చేతులుంటే చాలు." మళ్ళీ చాట దగ్గరికి లాక్కుంది.

ఆ చోటు ఊరి చివర రేకుల షెడ్డు. అర కిలోమీటరు దూరం నుంచే చప్పుడు పళ్ళలోకి దిగుతోంది. మనిషంత రంపపు చక్రం నల్లరాతిని కోస్తుంటే, నీళ్ళూ బూడిదా కలిసిన బురద చిమ్ముతోంది. అక్కడ పాముచెవులు నెత్తికి తువ్వాలు బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని, పలకని చక్రం మీదికి తోస్తున్నాడు. మొహమంతా బూడిద. మీటరాయన మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి వెళ్ళి భుజం తట్టాడు.

ఇద్దరూ షెడ్డు వెనక ఆగి ఉన్న లారీ చాటుకి వచ్చారు. పాముచెవులు దూది తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఏంటన్నయ్యా, ఇంతదూరం వచ్చావు? వదినకేం కాలేదుగా?"

మీటరాయన అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పడటం, లక్క చిట్లడం, ముప్ఫై అయిదు, మూడు వందల వాట్లు. లారీ డ్రైవరుని బతిమాలి దాని బ్యాటరీకి రెండు మీటర్లూ పెట్టించాడు.

పాముచెవులు వంగి రెండు తెరలూ చూశాడు. "ఇందులో ఏది నిజం?"

"ఇది. కొత్తది."

"ఎలా తెలుసు?"

"కొత్తది గనక."

"అదీ నీ జేబులో ఉండేదే కదన్నయ్యా," అని పాముచెవులు నవ్వాడు. ఎగతాళి లేదందులో. "ఇది ఎప్పుడు పడుతుందో."

"ఒరేయ్, మీటర్లు వదిలెయ్. నువ్వు విన్నావు. పగులుతోందన్నావు. నిజంగా పగిలింది. నీ చెవి సరిగ్గా ఉంది, నా బుర్రే బాగాలేదు."

పాముచెవులు గుప్పిట్లో దూదిని ఉండ చేశాడు.

"ఆ రోజు ఇంటికెళ్ళి రేడియో పెట్టాను," అన్నాడు. "నా చెవే నాకు చూసుకోవాలనిపించింది. పగిలినట్టే వినపడింది. వేరే పాట పెట్టాను. అదీ అంతే. మా పిల్ల కూనిరాగం తీస్తే అందులోనూ అడుగున గరగర. సైకిలు బెల్లు, పంపు నీళ్ళు, అన్నీ చిరిగిపోయినట్టే ఉన్నాయి. ఏది బాగుందో, ఏది పగిలిందో తెలియడం లేదన్నయ్యా. ఇక్కడైతే ఏం వినక్కర్లేదు. హాయిగా ఉంది."

"అది దిగులురా. చెవి కాదు. నేను చెబుతున్నాగా!"

"ఆవేళ కూడా నువ్వే చెప్పావు. మనుషులం కదరా అన్నావు." అతను నిష్ఠూరంగా అనలేదు, గుర్తుచేస్తున్నట్టు అన్నాడంతే. "ఆ మాట నేను నమ్మాను. ఇప్పుడు జాలిపడి ఇలా అంటున్నావు. నువ్వు మంచోడివి, నాకు తెలుసు."

"జాలి కాదురా!"

"పోనీ, నిజమే అనుకుందాం. నా స్టూలు మీద ఎవరున్నారు?"

"యజమానిగారి బావమరిది," అన్నాడు మీటరాయన.

"మరి ఎక్కడికి రమ్మంటావు?"

షెడ్డులోంచి ఎవరో ఈల వేశారు. పాముచెవులకి ఈల వినపడింది గానీ, అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలియనట్టు ముందు అటు చూసి, తర్వాత ఇటు చూశాడు. దూది రెండు ముక్కలుగా చేసి మళ్ళీ చెవుల్లో కుక్కుకున్నాడు. "వదినని అడిగానని చెప్పు," అని తనకే వినపడదేమోనన్నంత గట్టిగా అరిచి లోపలికి వెళ్ళిపోయాడు. మీటరాయన చేతిలో రెండు మీటర్లూ, బ్యాటరీకి తగిలించిన తీగలతో, తమ తమ అంకెలు చూపిస్తూనే ఉన్నాయి.

బుధవారం కొట్టుకి ఎర్ర కారొకటి వచ్చింది. రెండు వందల వాట్లు, నాలుగు ఓములు. మీటరాయన లెక్క కట్టలేదు. అంకె తెలిసిందే. కొత్త మీటరు పెట్టి, మర తిప్పి, ఇరవై ఎనిమిది పాయింట్ రెండు దగ్గర ఆపాడు. స్పీకరు తీగలు తనే అతికి పాట పెట్టాడు. వెనక సీటులోకి ఎక్కి, తలుపు వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

పాట బాగుంది. గట్టిగా ఉంది. అంతకంటే ఆయనకి ఏమీ తెలియలేదు.

దిగి డిక్కీ దగ్గరికెళ్ళి, చూసి చూసి, మర ముందుకి తిప్పాడు. టోను మార్చి, తీగలు మార్చి, ముప్ఫై అయిదుకి తెచ్చాడు. మళ్ళీ పాట పెట్టి వెనక సీటులో కూర్చున్నాడు. వాడు విన్నది ఇదే. అడుగున ఎక్కడో దుప్పటి చిరుగుతూ ఉండాలి. తల పక్కకి వంచాడు. ఊపిరి బిగబట్టాడు. స్పీకరు మీద చెయ్యి కూడా పెట్టి చూశాడు. మోత పెరిగిందని మాత్రం తెలుస్తోంది. అందులో ఏది పగిలిందో, ఎక్కడ పగిలిందో ఆయనకి చిక్కలేదు. పాట మొదటికి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడోసారి విన్నాడు.

"ఏం బాబాయ్, నిద్రొచ్చిందా?" అన్నాడు యజమాని బావమరిది స్టూలు మీంచి.

"ఇలా రా. విను. పగులుతోందా?"

బావమరిది కిటికీలోంచి తల పెట్టాడు. "అదిరిపోయింది బాబాయ్! పగలడమేంటి?"

కారు సొంతదారు కూడా వచ్చి తలూపుతూ వింటున్నాడు. మీటరాయన దిగి, ఏమీ అనకుండా, మరని వెనక్కి తిప్పి ఇరవై ఎనిమిది దగ్గర పెట్టాడు. పాట ఒక మెట్టు దిగింది.

"ఎందుకు తగ్గించారండీ?" అన్నాడు కారాయన. "ఇందాకటిదే బాగుంది."

"స్పీకరు కాలిపోతుందండి."

"ఎవరన్నారు? అంత గట్టిగా వాయించారు, కాలిందా? ఇప్పుడేమో పక్క గదిలో పాడుతున్నట్టుంది."

"లోపల మోత పగులుతుంది."

"మీకు వినపడిందా?"

"లేదు," అన్నాడు మీటరాయన.

లోపల్నించి యజమాని గొంతు వచ్చింది. "ఆయన అడిగినట్టు పెట్టి పంపవయ్యా. కారు ఆయనది, చెవులు ఆయనవి."

మీటరాయన యాంప్లిఫయరు మీంచి మీటరు తీగలు తీసేసి, మడిచి, మీటరు ఆపి జేబులో వేసుకున్నాడు. స్క్రూడ్రైవరు కొస మర గాడిలో పెట్టి మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. అద్దాలు అదరసాగాయి.

"చాలా?" అన్నాడు.

"ఇంకొంచెం," అన్నాడు కారాయన.